బూజు గది బయట

బావమరిదికి పని పడదని సైట్‌లో అందరూ నవ్వేవాళ్ళు. సెలవు రోజున హాయిగా తిరిగేవాడు, పనిలోకి వచ్చిన రోజు సాయంత్రానికి దుప్పటి ముసుగేసి వణికేవాడు. దగ్గు, ఒళ్ళు నొప్పులు, జ్వరం. మర్నాడు పని మానేసి గదిలో పడుకుంటే మధ్యాహ్నానికల్లా లేచి కూర్చునేవాడు. మళ్ళీ పనికి వెళ్తే మళ్ళీ అదే తంతు. పని పేరు చెబితేనే వీడికి ఒళ్ళు కాలిపోతుందని మేస్త్రి అనేవాడు. అందరికన్నా ఎక్కువగా ఆటపట్టించింది మాత్రం బావే. బావలకు ఆ హక్కు ఎలాగూ ఉంటుంది.

ఆ బావను అక్కడ ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. గడ్డం బాబాయ్, అంతే. ఛాతీ దాకా దిగిన గడ్డం, సగానికి సగం నెరిసింది. పెళ్ళయిన కొత్తలో బద్ధకం కొద్దీ పెరిగిన గడ్డం భార్యకు నచ్చడంతో అలాగే ఉండిపోయింది. నెలకోసారి ఆవిడే కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ పాత తువ్వాలు కట్టి, చిన్న కత్తెరతో సరిచేసేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఆవిడ పోయాక ఆ కత్తెర ఆవిడ తమ్ముడి చేతికి వచ్చింది. అక్క ఉన్నప్పుడు చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడు, అక్క పోయాక బావను ఒంటరిగా వదల్లేక ఉండిపోయాడు. మూడో అంతస్తులో ఒకే గది, రెండు మంచాలు, ఒక స్టవ్వు. ఒకడు వండితే ఒకడు గిన్నెలు కడిగేవాడు. వంట ఎవరిదైనా తిట్లు మాత్రం ఇద్దరివీ.

వాళ్ళు పని చేస్తున్నది చాలా ఏళ్ళ కిందట మూతపడిన ఆసుపత్రిలో. దాన్ని ఇళ్ళుగా మారుస్తున్నారు. ఎవరూ పట్టించుకోని కాలంలో పైన పైపులు పగిలి, నీళ్ళు గోడల్లోకి దిగి, అక్కడే ఉండిపోయాయి. గోడలకు బిగించిన బోర్డులను ఊడపీకి కిందికి మోయడం బావా బావమరుదుల పని. బోర్డు ఊడిరాగానే వెనక నల్లగా, మసిగుడ్డ పరిచినట్టు కనిపించేది. కొన్నిచోట్ల ఆకుపచ్చ, కొన్నిచోట్ల తెల్లటి నూగు. తడి గోనెసంచి వాసన. సుత్తి దెబ్బ పడితే పొగలాంటి దుమ్ము లేచి గదంతా కమ్ముకునేది. ముక్కుకు జేబురుమాలు కట్టుకునేవాళ్ళు. ఉక్కపోస్తే అదీ కిందికి లాగేసేవాళ్ళు.

బూజే కదా అనుకున్నారు అందరూ. బూజంటే వాళ్ళకు ఇంటి మూలల్లో వేలాడేది, కర్రకు చీపురు కట్టి దులిపేది. రెండింటికీ పేరు ఒకటే కావడం వల్ల కాబోలు, ఎవరికీ భయం పుట్టలేదు.

ఒకరోజు బావమరిది బోర్డు ముక్కల మూట భుజాన వేసుకుని దిగుతూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. వెనకే వస్తున్న గడ్డం బాబాయ్, మెట్టు మీదే కాపురం పెడతావా ఏంట్రా అని అడిగాడు. జవాబు రాలేదు. ముందుకు వచ్చి చూస్తే పెదవులు నీలంగా ఉన్నాయి. గాలి కోసం నోరు తెరుస్తున్నాడు, గాలి లోపలికి వెళ్తున్నట్టు లేదు. మూట పక్కకు తోసి వాడిని వీపున వేసుకుని దిగాడు. ఎదిగిన మనిషి, కానీ ఆ రోజు బరువు తెలియలేదు.

డాక్టరు చాలా ప్రశ్నలు వేశాడు. ఏం పని, ఎక్కడ పని, జ్వరం ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది. పని రోజున వచ్చి సెలవు రోజున తగ్గుతుందని చెప్పగానే రాస్తున్నవాడు తలెత్తాడు. ఆ నల్లటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తోందనీ, కొందరి ఒంటికి అది అస్సలు గిట్టదనీ, మళ్ళీ మళ్ళీ పీలిస్తే లోపల వాచి, చివరికి గట్టిపడిపోతుందనీ చెప్పాడు. దానికి దూరంగా ఉంటే చాలావరకు కోలుకుంటాడు. ఆ గోడల దగ్గరికి మాత్రం ఇక వెళ్ళకూడదు.

"మేమిద్దరం ఒకే గదిలో పని చేశాం, ఒకే గాలి పీల్చాం. మరి నాకేం కాలేదేంటి?" అన్నాడు గడ్డం బాబాయ్.

"ఇంకా కాలేదు, అంతే" అన్నాడు డాక్టరు.

వార్డులోకి వెళ్ళేసరికి బావమరిది ముక్కుకు గొట్టం పెట్టుకుని ఉన్నాడు. బావను చూసి నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు, "నిజంగానే నాకు పని పడదటగా బావా."

గడ్డం బాబాయ్ దానికి నవ్వలేకపోయాడు. ఆ మాటను ముందు పుట్టించింది మేస్త్రో తనో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాడు. ఎవరైతేనేం, ఎక్కువసార్లు అన్నది తనే.

బావమరిదిని చేర్చిన ఆసుపత్రి నుంచి కబురు వెళ్ళడంతో సైట్‌లో పని ఆగింది. ఓనర్లు ఒక సేఫ్టీ మేడమ్‌ను పంపారు. పొట్టి మనిషి, పెద్ద బూట్లు, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. అందరినీ కింద హాల్లో కూర్చోబెట్టి ఆ నల్లటిది ఏమిటో, ఎలా లేస్తుందో, ఎక్కడికి వెళ్తుందో చెప్పింది. ఇకమీదట పని చేసే గదికి చుట్టూ ప్లాస్టిక్ షీట్లు కట్టి మూసేయాలి. గాలిని వడకట్టి బయటికి లాగే ఫ్యాను పెట్టాలి. గోడను పొడిగా కొట్టకూడదు, ముందు తడపాలి. ఊడ్చకూడదు. తీసిన ముక్కలను లోపలే సంచుల్లో కట్టేయాలి. లోపల ఇద్దరు ఉండాలి, బయట ఒకరు కాపలా ఉండాలి. చేతులూ ముఖమూ కడుక్కోకుండా ఏమీ తినకూడదు. పని బట్టలు ఇంటికి తీసుకెళ్ళకూడదు.

ఆ మాట దగ్గర ఆగి, ఇన్నాళ్ళూ బట్టలు ఎక్కడ తగిలించేవారని ఒక్కొక్కరినీ అడిగింది. గడ్డం బాబాయ్ వంతు వచ్చింది. వాళ్ళ గదిలో మేకు ఒకటే ఉంది. అది బావమరిది మంచం పైన, తలవైపు. ఇద్దరి చొక్కాలూ దానికే. దుమ్ము దులపడం కూడా అక్కడే. ఆయన ఇదంతా చెప్పలేదు, గదిలోనే అని ఊరుకున్నాడు. సాయంత్రం గదికి వెళ్ళి, బూట్లయినా విప్పకుండా ఆ మేకు పీకేశాడు.

బావమరిది కోలుకున్నాక వాళ్ళ పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వేరే ఊళ్ళో, బస్సు డిపోలో గేటు దగ్గర ఉద్యోగం ఉందన్నాడు. బస్సుల్ని లోపలికీ బయటికీ పంపడం, అంతే. ఆరుబయట పని, మోత లేదు. బావమరిది రెండు రోజులు ఏమీ తేల్చలేదు. నువ్వు వెళ్తే నాకు గిన్నెలు కడిగే బాధ సగం తప్పుతుందని గడ్డం బాబాయ్ అన్నాడు. వెళ్ళేముందు వాడు కత్తెర తీసి బావ గడ్డం సరిచేశాడు. ఎప్పటికన్నా కొంచెం ఎక్కువే కత్తిరించాడు, మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలియదు కాబట్టి. బస్టాండులో ఇద్దరూ దారిలో తినే వాటి గురించీ సీటు గురించీ మాట్లాడుకున్నారు. బస్సు కదిలాక చెయ్యి ఊపాలా వద్దా అని గడ్డం బాబాయ్ ఆలోచిస్తుండగానే అది మలుపు తిరిగింది.

ఆ తర్వాత గదిలో మాట్లాడేవాళ్ళు లేరు. ఇక మిగిలింది సైట్. అక్కడైనా మధ్యాహ్నం భోజనాల దగ్గర పదిమందీ చేరితే ఆయన నోరు తెరిచేవాడు. కబుర్లకు ఆయన పెట్టింది పేరు.

మాస్కు పరీక్ష పెట్టిన రోజు అదీ పోయింది. మేడమ్ ఒక్కొక్కరికీ మాస్కు తగిలించి, తలమీద సంచిలాంటి ముసుగు వేసి, అందులోకి చేదు మందు పిచికారీ చేసేది. మాస్కు సరిగ్గా అతుక్కుంటే చేదు తెలియదు. ఎక్కడైనా సందు ఉంటే నాలుకకు తగులుతుంది. వెల్డర్ నెగ్గాడు. రంగులు వేసేవాడు పట్టీలు బిగించుకుని రెండోసారి నెగ్గాడు. గడ్డం బాబాయ్ ముసుగులో కూర్చున్నాడు. పిచికారీ పడగానే కాకరకాయ కొరికినట్టు నోరంతా చేదు. తెలిసిందా అని అడిగింది. తెలియలేదన్నాడు. ఆమె ఇంకోసారి కొట్టింది. ఆయన గుటక మింగి, ఏమీ లేదన్నాడు.

ఆమె ముసుగు తీసేసింది. "బాబాయ్ గారూ, మీ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి" అంది మామూలుగానే.

గడ్డం ఉంటే ఏ మాస్కూ అతుక్కోదని చెప్పింది. తీసేస్తే లోపల పని, లేదంటే బయట కాపలా, రెండూ అవసరమైనవే అంది. బలవంతం చేయలేదు. మేస్త్రి మాత్రం, మొన్నటిదాకా గోడలు పిండి చేసిన మనిషికి కాపలా పనేంటని పళ్ళు కొరికాడు. గడ్డం బాబాయ్ కాపలాకే మొగ్గాడు.

అలా ఆయన ప్లాస్టిక్ తెర బయట మనిషి అయ్యాడు. లోపలికి వెళ్ళేవాళ్ళు తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి సూటు వేసుకునేవాళ్ళు. తెర వెనక వాళ్ళు పాలలో ఈదుతున్న నీడల్లా కనిపించేవాళ్ళు. ఎవరు ఎవరో తెలియక వీపుల మీద మార్కరుతో పేర్లు రాయించాడు. మాస్కులతో మాటలు కుదరవు. ఫ్యాను హోరు ఒకటే. ఎవరైనా తూలుతున్నారేమో, సంచి చినిగిందేమో, తెర ఎక్కడైనా ఊడిందేమో చూస్తూ కుర్చీలో కూర్చునేవాడు. బయటికి వచ్చినవాళ్ళకు సూటు విప్పడంలో సాయం చేసేవాడు. వాళ్ళు స్నానానికి వెళ్ళిపోయేవాళ్ళు. భోజనాలు విడతలుగా జరిగేవి. ఆయన వంతు వచ్చేసరికి బల్ల దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. ఒక్కోరోజు పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్‌తో అన్న మాట తర్వాత మళ్ళీ సాయంత్రం అదే గేటు దగ్గర నోరు విప్పేవాడు.

ముందు భాగంలో అన్నిటికన్నా చివరికి మిగిలింది ఆపరేషన్లు చేసిన పాత గది. పైపులన్నీ ఆ గోడలోనే ఉన్నాయి. అడుగున కొంచెం గీకి చూసిన మేడమ్, దీన్ని నేనున్నప్పుడే తీయాలని చెప్పి వెళ్ళింది. ఆ రోజు ఆమె ఇంకో సైట్‌లో ఉంది, సాయంత్రానికి వస్తుంది. అదే రోజు రంగులు వేసేవాడికి కొడుకు పుట్టాడని కబురు వచ్చి సెలవు పెట్టాడు. మాస్కు పరీక్ష నెగ్గినవాళ్ళలో లోపలికి వెళ్ళడానికి వెల్డర్ ఒక్కడే మిగిలాడు. మర్నాడు ఓనర్లు వస్తున్నారు. మేస్త్రికి కాలు నిలవడం లేదు. ఒక్క గోడ, కిటికీలు తెరిచి నాలుగు దెబ్బలు వేస్తే కూలిపోతుంది, దానికి షీట్లూ తడపడాలూ ఎందుకన్నాడు. ముగ్గురు నలుగురిని పిలిచి జేబురుమాళ్ళు కట్టుకోమన్నాడు. వెల్డర్ నసిగాడు గానీ సుత్తి అందుకున్నాడు.

గడ్డం బాబాయ్ తన కుర్చీ తెచ్చి ఆ గది గుమ్మంలో వేసుకుని కూర్చున్నాడు.

"మేడమ్ వచ్చేదాకా ఎవరూ వెళ్ళొద్దు మేస్త్రీ."

"లే. ఇది నీ గది కాదు."

"నాకు తెలుసు."

మేస్త్రి చెడ్డవాడేం కాదు. బావమరిది ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ వచ్చి చూసి వెళ్ళినవాడు. అయినా ఆ పూట అతనికి కోపం తన్నుకొచ్చింది. "నీ గడ్డం కోసం నువ్వు పని తప్పించుకుని బయట కూర్చున్నావు. నీ బదులు వీళ్ళు లోపల చస్తున్నారు. నువ్వా మాకు చెప్పేది?" అన్నాడు.

గడ్డం బాబాయ్ వెల్డర్ వైపు చూశాడు. వెల్డర్ తల దించుకున్నాడు. అంటే ఈ మాట అక్కడ ఇదివరకే తిరుగుతోందన్నమాట. తను లేని భోజనాల బల్ల దగ్గర కాబోలు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. తర్వాత, లోపలికి రెండో మనిషి ఉంటే రేపు పొద్దున్నే పద్ధతిగా మొదలుపెట్టొచ్చు కదా అని అడిగాడు. ఉంటే సరే, ఎక్కడున్నాడన్నాడు మేస్త్రి. గంటలో వస్తానని, అందాకా ఎవరూ గోడ మీద చెయ్యి వేయొద్దని, వెల్డర్‌ను తన కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దిగాడు.

రోడ్డుకు అవతల సెలూన్ ఉంది. రోజూ దాని ముందు నుంచే నడిచేవాడు, ఎప్పుడూ లోపలికి వెళ్ళలేదు. మంగలి ఆ గడ్డాన్ని చూసి ముచ్చటపడి, ఎంతవరకు తగ్గించమంటారని అడిగాడు. మొత్తం అన్నాడు. మంగలి కత్తెర పట్టుకుని ఆగిపోయాడు. ఇంత గడ్డం మళ్ళీ రావాలంటే ఏళ్ళు పడుతుంది, ఇంకోసారి ఆలోచించుకోండన్నాడు. ఆలోచిస్తే లేచి వెళ్ళిపోతానని ఆయన చెప్పాడు. ముందు కత్తెర, తర్వాత నురగ, తర్వాత కత్తి. కొత్త చెయ్యి గడ్డం కింద పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అద్దంలో ఎవరో కూర్చుని ఉన్నాడు. పైసగం ఎండకు కమిలి నల్లగా, కిందిసగం పాలిపోయి, బుగ్గలు లోపలికి పోయి. ఆ గడ్డం లేని ముఖాన్ని భార్య పెళ్ళినాడు చూసింది. అప్పుడది నిండుగా ఉండేది.

మంగలి నేల మీది వెంట్రుకలను చీపురుతో మూలకు నెట్టాడు. ఆయన అటు చూడకుండా బయటికి వచ్చాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, ఎవరు కావాలండీ అని అడిగాడు. నేనేరా అంటే గొంతు విని నోరు తెరిచాడు. ఆయన పైకి వెళ్ళాడు. మేస్త్రి చూసి, చూపు తిప్పుకుని, ఇంకోసారి చూశాడు. వెల్డర్ కుర్చీలోంచి లేచి సుత్తి గోడకు ఆనించాడు. "ఒక్క పూట ఆగుదాం మేస్త్రీ" అన్నాడు. మేస్త్రి ఏదో గొణుక్కుంటూ ఓనర్లకు ఫోన్ చేయడానికి వెళ్ళాడు.

సాయంత్రం మేడమ్ వచ్చి జరిగింది విన్నది. ఆయన ముఖం చూసి మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. మాస్కు తగిలించి, పట్టీలు సరిచేసి, ముసుగు వేసి పిచికారీ కొట్టింది. ఏమైనా తెలిసిందా అని అడిగింది. లేదన్నాడు. ఈసారి నిజంగానే లేదు. తన ఊపిరి శబ్దం తప్ప ఇంకేమీ లేదు.

మర్నాడు షీట్లు కట్టి, ఫ్యాను పెట్టి, గోడను తడిపి తడిపి మొదలుపెట్టారు. బయట కుర్చీలో మేడమే కూర్చుంది. గడ్డం బాబాయ్, వెల్డర్ లోపల. బోర్డు ఊడిరాగానే వెనక చూసి ఇద్దరూ ఆగిపోయారు. నేల నుంచి పైకప్పు దాకా నల్లగా, మందంగా, గొర్రె ఉన్నిలా ఉంది. పొడిగా ఉన్నప్పుడు కొట్టి ఉంటే ఆ కారిడార్‌లో మనిషి మనిషికి కనిపించేవాడు కాదు. వెల్డర్ ఆయన వైపు తిరిగాడు. మాస్కు వెనక ఏమన్నాడో వినిపించలేదు. ఆయన మళ్ళీ నీళ్ళ గొట్టం అందుకున్నాడు.

ఆ సాయంత్రం బావమరిదికి వీడియో కాల్ చేశాడు. వాడు తెర మీద ముఖం చూసి, ఎవరండీ అన్నాడు. వాడి వెనక బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"అక్క పోయినప్పుడు కూడా తీయలేదు కదా బావా."

"తీయలేదు."

"ఎలా ఉంది?"

"చలిగా ఉంది రా" అన్నాడు.

వాడు ఈసారి సెలవుకు రమ్మని పట్టుబట్టాడు. ఆయన వెళ్ళాడు. డిపో గేటు దగ్గర బావమరిది ఈల నోట్లో పెట్టుకుని బస్సుల్ని వెనక్కి రప్పిస్తున్నాడు. ఈల ఊదేంత ఊపిరి ఉందన్నమాట. ఒళ్ళు చేశాడు. మెట్లెక్కేటప్పుడు మాత్రం మధ్యలో ఓసారి ఆగి, ఆగలేదన్నట్టు చొక్కా సర్దుకున్నాడు. కండక్టర్లూ డ్రైవర్లూ వాడి భుజం మీద చెయ్యేసి పలకరిస్తున్నారు. మా బావ అని అందరికీ చూపించాడు. వాళ్ళకు అర్థమయ్యే జోకులేవో వాడు వేశాడు, వాళ్ళు నవ్వారు. గడ్డం బాబాయ్ కూడా నవ్వాడు, ఆ జోకుల్లోని మనుషులెవరో ఆయనకు తెలియకపోయినా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక డిపో వెనక బెంచీ మీద కూర్చున్నారు. బావమరిది నేలకేసి చూస్తూ, ఇక్కడే ఉండిపో బావా, వర్క్‌షాపులో మనుషులు కావాలంటున్నారు అన్నాడు. ఆయన డిపో వైపు చూశాడు. నిజానికి రావాలనే ఉంది. కానీ ఆసుపత్రి వెనక భాగం ఇంకా ముట్టుకోలేదు. రంగులు వేసేవాడు పసివాడి దగ్గరే ఉండిపోయాడు, ఇప్పట్లో రాడు. తను లేకపోతే మేస్త్రి ఎవడో ఒకడిని పట్టుకొచ్చి రుమాలు కట్టిస్తాడు. ఆ వచ్చినవాడి ఒంటికి అది గిట్టుతుందో గిట్టదో ముందుగా తెలిసే దారి లేదు.

"ఆ పని అయ్యాక చూద్దాంలే" అన్నాడు.

అయ్యాక ఇంకో పాత భవనం దొరుకుతుందని వాడికీ తెలుసు. బస్సు దాకా వచ్చి, సీటు ముందే పట్టి ఉంచాడు. డ్రైవరుకు చెప్పి కిటికీ పక్కనే కూర్చోబెట్టాడు. ఊళ్ళు దాటుతుంటే ఆయన గోడల కేసే చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడ చెమ్మ ఎక్కిందో, ఏ పైకప్పు కింద మరక ఉందో కళ్ళు వాటంతట అవే వెతుక్కుంటున్నాయి.

గదికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. కింద వాటాలో పిల్లలు గట్టిగా పాఠాలు చదువుతున్నారు. ఆయన బూట్లు గుమ్మం బయటే వదిలి, చేతులు కడుక్కుని, స్టవ్వు వెలిగించి ఒక్కడికి సరిపడా బియ్యం పెట్టాడు. ఫోన్ మోగింది. చేరావా బావా అని మెసేజ్. చేరానని టైపు చేశాడు. ఇంకేదైనా రాద్దామని కాసేపు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. అన్నం ఉడుకుతుంటే కిటికీ తెరిచి, గదిలోకి గాలి వచ్చేలా పెట్టాడు.